డిజైనర్‌గా మొదలుపెడుతున్నారా? ఏ సాఫ్ట్‌వేర్, ఏ ఫాంటు, ఏ ఉద్యోగం

గ్రాఫిక్ డిజైన్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లు మొదట అడిగేది "ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారు?" అని. అడిగిన ప్రతిచోటా ఒక్కో జవాబు వస్తుంది. ఎవరికి ఏది చేతికి అలవాటైందో వాళ్లు దాని పేరే చెబుతారు. ఆ జవాబుకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. మీరు చేసిన ఫైలు మీ తర్వాత ఎవరి చేతికి వెళ్తుంది? ప్రెస్సులో ప్లేటు తీసే ఆపరేటరుకా, ఫ్లెక్స్ మిషను నడిపే కుర్రాడికా, యాప్ తయారుచేసే డెవలపర్‌కా, వాట్సాప్‌లో చూసుకునే కస్టమరుకా? ఇది తేలితే సాఫ్ట్‌వేర్ ఎంపిక సగం తేలినట్టే. ఫాంటు విషయంలోనూ, చాలామటుకు ఉద్యోగం విషయంలోనూ ఇదే ప్రశ్న పనికొస్తుంది.

కోరెల్, అడోబీ, ఉచితమైనవి

విజయవాడలోనో వరంగల్‌లోనో ఏ ఫ్లెక్స్ దుకాణానికైనా, పెళ్లిపత్రికల షాపుకైనా వెళ్లి చూడండి. తెర మీద కోరెల్‌డ్రా, పక్కన ఫొటోషాప్ కనిపిస్తాయి. 1989లో వచ్చిన కోరెల్ మన ఊళ్ల ప్రింటింగ్ లోకంలో ఇప్పటికీ గట్టిగానే నిలబడి ఉంది. పుస్తకాల పేజీలను పేజ్‌మేకర్‌లో కట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. దాని ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అలాంటి చోట పనిచేయాలనుకుంటే కోరెల్ నేర్చుకోవాల్సిందే. పక్క షాపువాళ్లు, ప్రెస్సువాళ్లు పంపే ఫైళ్లు ఆ రూపంలోనే వస్తాయి కాబట్టి ఇక్కడ మీ ఇష్టంతో పెద్దగా పని లేదు. కోరెల్‌కు ఇంకో సౌకర్యం ఉంది. ఏడాది చందానే కాకుండా ఒకేసారి డబ్బు కట్టి కొనుక్కునే వీలు ఇంకా ఉంచారు.

హైదరాబాద్ యాడ్ ఏజెన్సీలు, సినిమా పబ్లిసిటీ ఆఫీసులు, కార్పొరేట్ కంపెనీల డిజైన్ టీములు అడోబీ మీద నడుస్తాయి. లోగోకు, బొమ్మకు ఇల్లస్ట్రేటర్, ఫొటోకు ఫొటోషాప్, పుస్తకానికి, బ్రోషర్‌కు ఇన్‌డిజైన్. ఈ మూడింటి పనిని విడివిడిగా అర్థం చేసుకోండి. ఫొటోషాప్‌లో లోగో చేసేవాళ్లు, ఇల్లస్ట్రేటర్‌లో నలభై పేజీల పుస్తకం కట్టేవాళ్లు రెట్టింపు కష్టపడతారు, ఫలితం మాత్రం సగమే దక్కుతుంది. 2013లో అడోబీ చందా పద్ధతికి మారింది. నెలనెలా కట్టినా అది ఏడాది ఒప్పందమే అయితే మధ్యలో ఆపినప్పుడు రద్దు రుసుము పడుతుంది. చేరే ముందు ఆ షరతు చదవండి. విద్యార్థులకు వేరే ధర ఉంటుంది. కాలేజీలో ఉండగానే దాన్ని వాడుకోవడం తెలివైన పని.

డబ్బు లేదు కాబట్టి క్రాక్ కాపీతో మొదలుపెడదామనే ఆలోచన మానుకోండి. వాటితోపాటు వైరస్‌లు వస్తాయి. పైగా ఇప్పుడు డబ్బు పెట్టకుండా నేర్చుకునే దారులు నిజంగానే బాగున్నాయి. వెక్టర్ పనికి, అంటే ఎంత పెద్దది చేసినా చెదరని గీతల బొమ్మలకు ఇంక్‌స్కేప్, ఫొటోకు గింప్, చేత్తో బొమ్మలు వేసేవాళ్లకు క్రిటా, పేజీలకు స్క్రైబస్ ఉన్నాయి. నాలుగూ ఉచితమే, పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తాయి. ఒక్క ఇబ్బంది ఉంది. ఇంక్‌స్కేప్, గింప్ ప్రధానంగా తెర రంగుల్లో, అంటే ఆర్‌జీబీలో పనిచేస్తాయి. ఆఫ్‌సెట్ ప్రెస్సుకు సీఎంవైకే, అంటే అచ్చులో వాడే నాలుగు సిరాల రంగులు కావాలి. అందుకే ఇంక్‌స్కేప్‌లో గీసినదాన్ని స్క్రైబస్‌లోకి తెచ్చి, అక్కడ రంగులు సరిచేసి, ప్రెస్సుకు పీడీఎఫ్ ఇవ్వాలి. ఒక మెట్టు ఎక్కువైనా పని జరుగుతుంది.

అఫినిటీ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ సంగతి ఈమధ్య మారింది. ఒకసారి కొని వాడుకునే సాఫ్ట్‌వేర్‌గా దానికి మంచి పేరుండేది. 2024లో, టెంప్లేట్లతో డిజైన్లు చేసుకునే కాన్వా సైటు కంపెనీ దాన్ని కొనేసింది, 2025 అక్టోబరులో ఉచితం చేసింది. ప్రింటు పనికి అది సమర్థమైనదే. అయితే పాత వెర్షన్లలో తెలుగు ఒత్తులు సరిగా కలిసేవి కావు. కొత్తది దించుకున్నాక, కింద చెప్పబోయే పరీక్ష పెట్టి చూశాకే తెలుగు పనికి వాడండి.

ఇక ఫిగ్మా. యాప్‌లు, వెబ్‌సైట్ల రూపం గీసే పనికి నేడు అందరూ అడిగేది అదే. బ్రౌజర్‌లో నడుస్తుంది, మొదట్లో ఉచిత ఖాతా సరిపోతుంది. హైటెక్ సిటీ కంపెనీల వైపు చూపు ఉంటే ముందు ఇదే నేర్చుకోండి. అందులో సీఎంవైకే లేదు కాబట్టి విజిటింగ్ కార్డులు, పత్రికలు దానితో చేయకండి.

కాన్వాను చూసి ముఖం చిట్లించే డిజైనర్లున్నారు. నేను ఆ పక్షం కాదు. రోజుకో పోస్టు వేసుకునే చిన్న కేఫ్ యజమానికి మీరు కాన్వాలో మంచి టెంప్లేట్ల సెట్ చేసిచ్చి, వాడుకోవడం నేర్పితే అది కూడా పూర్తిస్థాయి డిజైన్ పనే. లోగో మాత్రం అందులో దొరికే బొమ్మలతో చేయకండి. అవే బొమ్మలు ఎవరైనా వాడుకోవచ్చు. ట్రేడ్‌మార్క్ తీసుకోవాలనుకున్నప్పుడు మీ క్లయింటు ఇబ్బందుల్లో పడతాడు.

కంప్యూటర్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, రంగులు నమ్మదగినట్టు చూపించే ఐపీఎస్ తెర ఉంటే చాలు. పెన్ టాబ్లెట్ బొమ్మలు వేసేవాళ్లకే అవసరం.

జ్యోత్స్న పరీక్ష

తెలుగులో పనిచేసే డిజైనర్‌కు సాఫ్ట్‌వేర్ గొప్పదా కాదా అన్నది తేల్చేది దాని ప్రకటనలు కావు, అది అక్షరాలను కూర్చే తీరు. కొత్త సాఫ్ట్‌వేర్ తెరవగానే యూనికోడ్ (ఫోన్లు, వెబ్ అన్నీ అర్థం చేసుకునే ప్రామాణిక అక్షర పద్ధతి) తెలుగు ఫాంటు పెట్టి ఈ మాటలు టైప్ చేయండి: జ్యోత్స్న, రాష్ట్రం, లక్ష్మి, స్త్రీ, వైష్ణవి. ఒత్తులు కిందికి వెళ్లి కూర్చుంటే సరే. 'జ్‌యోత్‌స్‌న' అని పొల్లులతో విడిపోతే ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు తెలియదని అర్థం, లేదా దానిలో ఒక సెట్టింగ్ మార్చాల్సి ఉంది.

అడోబీలో తరచూ ఎదురయ్యేది ఈ రెండోదే. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలోకి వెళ్లి వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్ కింద టైప్ విభాగంలో వరల్డ్-రెడీ లేఅవుట్ ఉంటుంది, పాత వెర్షన్లయితే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. ఇల్లస్ట్రేటర్‌లోనూ ప్రిఫరెన్సెస్‌లోనే ఇండిక్ ఆప్షన్లను చూపించమని టిక్ పెట్టాలి. ఇది తెలియక "అడోబీలో తెలుగు రాదు" అని వదిలేసినవాళ్లు చాలామంది. ఇంక్‌స్కేప్‌లో ఈ బాధ లేదు. అందులో తెలుగు మొదటినుంచీ చక్కగా కూర్చుంటుంది.

దుకాణాల్లో మీకు కనిపించేది ఎక్కువగా అను ఫాంట్లు. అవి యూనికోడ్‌కు ముందు కాలం పద్ధతిలో నడుస్తాయి. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టి, వాటిని కలిపి అక్షరం కడతాయి. అందుకే అవి పేజ్‌మేకర్‌లోనైనా, ఎంత పాత కోరెల్‌లోనైనా చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. శీర్షికలకు పనికొచ్చే రకరకాల రూపాలున్నాయి, ఆపరేటర్ల వేళ్లకు ఆ కీబోర్డు వచ్చేసింది. ఈ బలాలను తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం.

నష్టం పని పూర్తయ్యాక తెలుస్తుంది. అనులో కట్టిన పుస్తకంలోంచి ఒక వాక్యం తీసి వెబ్‌సైటులో పెడితే ఇంగ్లీషు గందరగోళంగా కనిపిస్తుంది. ఆ పీడీఎఫ్‌లో తెలుగు మాట వెతికితే దొరకదు. చూపులేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేదు. కన్వర్టర్లున్నాయి గానీ మార్చాక ప్రూఫ్ మళ్లీ మొదటినుంచీ చదవాల్సిందే. అదే యూనికోడ్‌లో కడితే పుస్తకం అచ్చుకూ, ఈ-బుక్‌కూ, వెబ్‌కూ అదే పాఠం పనికొస్తుంది.

నా సలహా సూటిగా చెబుతాను. పెళ్లిపత్రిక, ఫ్లెక్స్, కరపత్రం లాంటివి దుకాణంలో అనులోనే చేయండి. అవి ఒకసారి అచ్చయితే చాలు, వాటిలోని పాఠంతో మళ్లీ పనిపడదు. పుస్తకం, పత్రిక, కంపెనీ బ్రాండ్, వెబ్‌కు వెళ్లేది ఏదైనా యూనికోడ్‌లో తప్ప చేయకండి. ఇంట్లో నేర్చుకునే కాలమంతా యూనికోడ్ మీదే గడపండి. దాన్నుంచి అనుకు కొద్ది రోజుల్లో అలవాటు పడొచ్చు.

యూనికోడ్‌లో మంచి ఫాంట్లు లేవన్న మాట ఇప్పుడు చెల్లదు. సిలికానాంధ్ర విడుదల చేసిన వరుసలో రామభద్ర శీర్షికలకు గట్టిగా నిలబడుతుంది. మండలి పాఠానికి హాయిగా ఉంటుంది. ఇవి కాక సురన్న, పెద్దన, ధూర్జటి, గిడుగు, రవిప్రకాష్, తెనాలి రామకృష్ణ లాంటివి ఒక్కోటి ఒక్కో గొంతుతో మాట్లాడతాయి. ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ వాళ్ల అనేక్ తెలుగు సన్నం నుంచి లావు వరకు, ఇరుకు నుంచి వెడల్పు వరకు సాగే వేరియబుల్ ఫాంటు. ఇంగ్లీషు, తెలుగు పక్కపక్కన పెట్టాల్సిన బ్రాండ్ పనికి నేను మొదట దాన్నే పెట్టి చూస్తాను. సాహిత్య పుస్తకానికి టైరో తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు ఉన్నాయి. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి కాబట్టి డబ్బు తీసుకుని చేసే పనికి కూడా నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఫాంటు ఎంచుకున్నాక ఎక్కువమంది తప్పేది వరుసల మధ్య ఖాళీ దగ్గర. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చేది అక్షరం సైజుకు 120 శాతం. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగులో పై వరుస ఒత్తులు దిగివచ్చి కింది వరుస గుడులకు తగులుతాయి. 140 నుంచి 160 శాతం వరకు పెంచి, 'స్త్రీ', 'రాష్ట్రం' కిందనే 'కీర్తి' లాంటి మాట పడేలా ఒక పేరా వేసి చూడండి. తగలకుండా ఉంటే ఆ కొలత ఖాయం చేసుకోండి. ఇంకో జాగ్రత్త: ముదురు రంగు మీద తెల్లటి చిన్న తెలుగు అక్షరాలు పెడితే అచ్చులో సిరా నిండిపోయి ఒత్తులు మూసుకుపోతాయి. లావు కాస్త ఎక్కువున్న ఫాంటు తీసుకోండి, సైజు పెంచండి. నల్లటి పాఠాన్ని ఒక్క నలుపు ప్లేటులోనే ఉంచండి. నాలుగు రంగులు కలిపి నలుపు చేస్తే ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరం మసకబారుతుంది.

ప్రెస్సుకు పంపే ముందు అక్షరాలను గీతలుగా మార్చడం మరిచిపోకండి. కోరెల్‌లో కంట్రోల్, క్యూ. ఇల్లస్ట్రేటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఓ. మార్చని కాపీ ఒకటి మీ దగ్గర విడిగా ఉంచుకోండి, లేకపోతే ముహూర్తం మారిందని ఫోన్ వచ్చిన రోజున కార్డంతా మళ్లీ కొట్టాలి. అంచుల్లో 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయేందుకు బయటికి వదిలే అదనపు భాగం), ఫొటోలు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) ఉండాలి. దూరం నుంచి చూసే పెద్ద ఫ్లెక్స్‌కు అసలు సైజులో 72 నుంచి 100 డీపీఐ చాలు. అంతకుమించి పెడితే ఫైలు బరువెక్కడం తప్ప లాభం లేదు.

ప్రేరణ ఎక్కడ వెతకాలి

డిజైన్లు చూడటానికి అందరూ వెళ్లే సైట్లు పింటరెస్ట్, బిహాన్స్, డ్రిబుల్. మూడింటిలో కొత్తవాళ్లకు బిహాన్స్ మేలు. అక్కడ ఆఖరి బొమ్మతోపాటు దాని వెనకున్న చిత్తు గీతలు, వదిలేసిన ప్రయత్నాలు కూడా పెట్టేవాళ్లుంటారు. డ్రిబుల్‌లో ఎక్కువగా మెరిసే చిన్న ముక్కలే కనిపిస్తాయి. పింటరెస్ట్ రంగులు పోగుచేసుకోవడానికి బాగుంటుంది గానీ, ఎవరు చేశారో, ఎందుకు చేశారో అక్కడ తెలియదు. ఈ మూడింటి మీదే బతికితే మీ పని హైదరాబాద్‌లో చేశారో ఇంకెక్కడ చేశారో చెప్పలేని విధంగా తయారవుతుంది.

మన దగ్గరున్నదాన్ని చూసే కన్ను కావాలి. బాపు (1933–2014) అక్షరాలను తీసుకోండి. పెద్దగా ప్రింటు తీసి, పైన ట్రేసింగ్ కాగితం పెట్టి, గీత ఎక్కడ లావెక్కిందో ఎక్కడ సన్నబడిందో పెన్సిల్‌తో పట్టుకోండి. తలకట్టు ఎంత విసురుగా లేచిందో చేత్తో గీస్తేనే తెలుస్తుంది. 1947లో మొదలైన చందమామ పాత సంచికలు దొరికితే ముఖచిత్రాలు చూడండి. వడ్డాది పాపయ్య (1921–1992) ఒకే బొమ్మలో వెచ్చటి రంగును, చల్లటి రంగును ఎలా పక్కపక్కన నిలబెట్టాడో గమనిస్తే రంగుల పాఠానికి వేరే కోర్సు అక్కర్లేదు. ఈశ్వర్ గీసిన సినిమా పోస్టర్లలో బొమ్మ, పేరు ఒకదాన్నొకటి మింగకుండా ఎలా సర్దుకున్నాయో చూడండి.

కలంకారీలో మనకు రెండు దారులున్నాయి. శ్రీకాళహస్తిలో కలంతో చేత్తో గీస్తారు, గీత ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో అద్దుతారు. అక్కడ అందమంతా అచ్చు పక్కన అచ్చు అతుకు కనబడకుండా కుదరడంలో ఉంది. బొమ్మల డిజైనర్ కావాలనుకుంటే మొదటిది, ప్యాకేజింగ్, బట్టల ప్యాటర్న్‌లు చేయాలనుకుంటే రెండోది దగ్గరుండి చూడండి. చేర్యాల నకాశీ పటం ఇంకో పాఠం. ఎర్రటి నేల మీద కథను అంతస్తులుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం చూపిస్తారు. ఇన్‌స్టాగ్రామ్‌లో పక్కకు జరుపుతూ చూసే పోస్టులకు ఇంతకన్నా మంచి నమూనా నాకు కనబడలేదు. ఎవరో కళాకారుడు గీసిన బొమ్మనే స్కాన్ చేసి కత్తిరించి వాడుకోవడం మాత్రం దొంగతనం. కావాలంటే వాళ్లతోనే వేయించండి, డబ్బివ్వండి, పేరు వేయండి.

డిగ్రీయా, కోర్సా

అమీర్‌పేటలో రెండు మూడు నెలల కోర్సులో చేరితే బటన్లు వస్తాయి, కన్ను రాదు. హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ), విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం లాంటిచోట ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ చేస్తే గీత, రంగు, కూర్పు వస్తాయి. సాఫ్ట్‌వేర్ మటుకు మీరే పట్టుకోవాల్సి రావచ్చు. ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్‌లో నాలుగేళ్ల బీడిజైన్‌కు ప్రవేశ పరీక్ష కఠినం, ఖర్చు ఎక్కువ. సమస్యను ముందు అర్థం చేసుకుని తర్వాత గీయడం అక్కడ బాగా నేర్పుతారు. ఇంటర్ అయ్యాక నాలుగేళ్లు చదివించే స్తోమత ఇంట్లో ఉంటే డిగ్రీయే. వెంటనే సంపాదించాల్సి ఉంటే చిన్న కోర్సు చేసి ప్రింటింగ్ దుకాణంలో చేరండి. అలా ఎదిగినవాళ్లను తక్కువగా చూడాల్సిన పని లేదు.

మొదటి ఉద్యోగం

దుకాణంలో కస్టమరు మీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. "అన్నా, మా బావ ఫొటో కాస్త పెద్దది చెయ్యి, పేరు ఎర్రగా పెట్టు" అంటూనే ఉంటాడు. ముహూర్తాల నెలల్లో పత్రికలు, వినాయక చవితికి, దసరాకు ఫ్లెక్సులు, ఎన్నికలొస్తే నిద్ర ఉండదు. రాత్రి పదకొండుకు శ్రద్ధాంజలి ఫ్లెక్స్ అడుగుతారు, పొద్దున్నే కావాలి. మూఢం వస్తే షాపు ఖాళీ. జీతం తక్కువ. అయినా ఇక్కడ దొరికే చదువు మరెక్కడా దొరకదు. మీరు చేసింది గంటలో అచ్చై ఎదురుగా కనిపిస్తుంది, తప్పు వెంటనే తెలుస్తుంది. ఎదుటివాళ్లు రంగుల భాషలో కాకుండా మామూలు మాటల్లో చెప్పినదాన్ని పట్టుకోవడం అలవాటవుతుంది. ఏడాదో రెండేళ్లో ఉండండి. తర్వాత కదలండి, ఎందుకంటే అక్కడ మీ పనిని సరిదిద్దే పెద్ద డిజైనర్ ఉండడు.

ఏజెన్సీలో ఆ పెద్ద డిజైనర్ ఉంటాడు. ఆర్ట్ డైరెక్టర్ మీ పేజీని చూసి ఇది ఎందుకిలా ఉంది అని అడుగుతాడు, ప్రకటన మాటలు రాసే కాపీరైటర్‌తో కలిసి ఆలోచించాలి. నన్ను అడిగితే కొత్తవాళ్లకు అన్నిటికన్నా మంచి చోటు ఇదే, కాకపోతే రాత్రులు ఆఫీసులోనే గడుస్తాయి. ఇంటర్వ్యూలో "నా పనిని ఎవరు చూస్తారు?" అని తప్పకుండా అడగండి. దానికి పేరుతో సహా జవాబు రాకపోతే ఆ చోటు ఏజెన్సీ అని పిలిపించుకుంటున్న దుకాణమే. అమ్మాయిలు రాత్రి ఆలస్యమైతే ఇంటికి బండి ఇస్తారా అన్నది చేరే ముందే కాగితం మీద తేల్చుకోవాలి. మొహమాటపడాల్సిన విషయం కాదది.

కంపెనీ లోపలి డిజైన్ టీములో జీతం వేళకొస్తుంది, ఆదివారం మీదే. ఒకే బ్రాండ్, ఒకే నీలం రంగు, పీపీటీలు, పండగ పోస్టులు. ఇంటి బాధ్యతలు మీద ఉన్నవాళ్లకు ఇది మంచి దారి. నేర్చుకోవాలన్న ఆకలి ఉన్నవాళ్లకు మొదటి ఉద్యోగంగా నేను సిఫారసు చేయను.

ఫ్రీలాన్స్‌ను రెండు మూడేళ్ల తర్వాతకు పెట్టుకోండి. మొదట్లో ఫైవర్ లాంటి వేదికలు పని చూపిస్తాయి, అయితే ఫైవర్ మీ సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది. ధర చెప్పేటప్పుడు దాన్ని కలుపుకోండి. తెలిసినవాళ్ల ద్వారా వచ్చే పనికి కోత లేదు, అక్కడ ఉండే చిక్కు మొహమాటం. సగం అడ్వాన్సు తీసుకోకుండా పని మొదలుపెట్టకండి. ఎన్నిసార్లు మార్పులు చేస్తారో, తెరిచి దిద్దుకునే అసలు ఫైలు ఇస్తారో లేదో ముందే రాసివ్వండి.

హక్కుల సంగతి కూడా తెలిసుండాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన పని మీద మొదటి హక్కు యజమానిది. ఫ్రీలాన్స్‌గా చేసిన పనికి హక్కు బదిలీ చేయాలంటే అది రాతపూర్వకంగా ఉండాలి. ఆ కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అని చట్టం అర్థం చెబుతుంది. పూర్తి డబ్బు అందాకే హక్కులు బదిలీ అవుతాయని ఒక వాక్యం రాసుకుంటే చాలా గొడవలు తప్పుతాయి.

సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కంపెనీలు బిల్లులో టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయ పన్ను) కోసుకుంటే రిటర్ను వేసి లెక్కలో చూపించుకోండి. ఆధార్‌తో ఉద్యమ్ (చిన్న వ్యాపారాల నమోదు) రిజిస్ట్రేషన్ ఉచితంగా చేసుకోవచ్చు. పని మొదలుపెట్టే ముందే చేసుకోండి. అప్పుడు 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం కొనుగోలుదారు ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి మీ డబ్బు ఆపడానికి లేదు. ఆపితే వడ్డీతో కట్టాలి, ప్రభుత్వ ఎంఎస్ఎంఈ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. బిల్లు అడుగున మీ ఉద్యమ్ నంబరు, చెల్లించాల్సిన ఆఖరి తేదీ రెండూ ముద్రించండి.